నాటకసమాజమును నడపిన ఉపాధ్యాయుడు



నేటి ప్రసంగమునకు నేను గ్రహించిన విషయము ఒక బడిపంతులుగారి చరిత్రము. ఆయన పేరు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. ఈ పేరు వినగానే "ఎవరాయన?" అని మీలో పలువురడుగుదురు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు చెప్పినచో అట్లడుగువా రుండరు. నాయుడుగారు ప్రకాశముగారికి చదువు చెప్పి, చేరదీసి, అన్నము పెట్టి, వకీలును చేసిన గురువు. గురువు శిష్యుని పోషించుట మన దేశమున క్రొత్త గాదు. అయితే ఆ గురువునకు ఆ శిష్యుడు నాటకరంగముమీద దొరకెను. నాటకములాడు పిల్లవాడు చెడిపోవునని లోకమెల్ల ననుచున్న దినములలో, ఒక ఉపాధ్యాయుడు నాటకమునే పట్టుకొమ్మగా జేసికొని చెడిపోబోవు పిల్లవానిని ఒడ్డు చేర్చెను. ఆ కథయే నేడు చెప్పబూనితిని.

నేను నరసరావుపేట ప్రాంతమున ముప్పదియేండ్లు తెలుగు పాఠములు చెప్పినవాడను. పాఠశాల వార్షికోత్సవమునకు పిల్లలచేత నాటకము వేయింప సంకల్పించినప్పుడెల్ల, ఎవరో యొక తండ్రి వచ్చి, "అయ్యవారూ, మావాణ్ణి మాత్రం నాటకాల్లోకి లాగకండి" అని చేతులు జోడించి పోవుట నాకు పరిపాటి. ఆ తండ్రులను నేను తప్పుపట్టను. ఆ భయము వారితో పుట్టినది కాదు. శ్రాద్ధభోజనమునకు పిలువదగనివారి పట్టికలో మనుస్మృతి కుశీలవుని, అనగా నటుని, చేర్చినది. భరతముని నాట్యశాస్త్రమును తన నూర్గురు కొడుకులకు నేర్పెనని మొదటి యధ్యాయమున నున్నది. ఆ కొడుకులే ఋషులను వేషములుగట్టి వెక్కిరించి శాపము తెచ్చుకొనిరని చివర నున్నది. తొలి నాట్యాచార్యుని శిష్యులే అట్లు చేసిరన్నచో, నేటి తండ్రి సంకోచించుటలో ఆశ్చర్యమేమి?

ఇక మన పలనాటి మాట. నాటకము మనకు పరాయిది గాదు. కారంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలుకొని అయిదు దినములు వీరులకు జరుగు ఆరాధన నెరుగనివారు మనలో నుండరు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమున కొక్క పేరు. అలరాజు రాయబారము, నాగమ్మకును బ్రహ్మనాయునికిని జరిగిన కోడిపందెము, కడపటి పోరు, ఇవన్నియు నాగులేటి యొడ్డున వరుసగా నడచును. చూడవచ్చినవాడు చూచి యూరకుండడు, మందపోరునాడు చాపకూటిలో కూర్చుండి భుజించును. దానిని నాటకమనిన భక్తులకు కోపము రావచ్చును. కాని కథను ఊరందరు కలిసి నడపించుట నాటకము కాకపోవునా? అయిన నది దేవునిపని గనుక, దానికి పోవు పిల్లవానిని ఏ తండ్రియు నాపడు. తెర కట్టి, టిక్కెట్టు పెట్టి, మొగమునకు రంగు పూసికొన్నప్పుడే చిక్కు వచ్చినది.

ఆ తెర మన తెలుగుదేశమునకు వచ్చినది 1880 ప్రాంతమున. ధార్వాడ నాటకసమాజమువారు మన పట్టణములకు వచ్చి పెద్దపందిళ్లలో ఆడిరి. వారి భాష మనవారికి తెలియకున్నను, వారి తెరలను, పాటలను చూచి జనులు మురిసిపోయిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు, తాము తెలుగు పండితులుగా నుండిన కాలముననే, 1880లో తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధిని నాడించిరి. న్యాయస్థానములలో జరుగు మోసములను బయటపెట్టు ఆ రూపకమును జనులు "ప్లీడరు నాటకము" అనియు పిలిచిరి. తరువాతి సంవత్సరములలో మన గుంటూరున కొండుభొట్ల సుబ్రహ్మణ్యశాస్త్రిగారు సమాజమును కూర్చిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను స్థాపించి 1887లో చిత్రనళీయము నాడించిరి. ఆచార్యులవారు వృత్తిచేత వకీలు. తక్కినచోట్ల తరచుగా కనబడువాడు బడిపంతులే. దీనికి కారణము కష్టమైనది గాదు. నాటకమునకు పది పదునైదుగురు కుర్రవాండ్రు కావలెను. వారికి పాఠము వల్లెవేయించు నేర్పు కావలెను. వారు చెప్పినమాట వినవలెను. ఈ మూడును పంతులునొద్ద ముందే యున్నవి. లేనిది ధనమొక్కటే. అది యిప్పటికిని లేదు.

ఇట్టివారిలో నొకరు మన నాయుడుగారు. ఆయన మొదట ఒంగోలు మిషను పాఠశాలలో ఉపాధ్యాయులు. ఒంగోలు నరసరావుపేటకు దూరము గాదు. సంతమాగులూరు, అద్దంకి మీదుగా దక్షిణముగా పోయినచో వచ్చును. ఆనాడది నెల్లూరు జిల్లాలోనిది, మన పలనాడు కృష్ణా జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడిన తరువాతనే రెండును ఒక యింటివైనవి. ఒంగోలు అమెరికా బాప్తిస్టు మిషనువారికి పెద్ద స్థానము. వారి పాఠశాలలో సకలజాతుల పిల్లలును చదువుచుండిరి.

ఆ పాఠశాలకు వచ్చిన పేదబాలురలో ప్రకాశము ఒకడు. 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున జననము. పదునొకండవయేట తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. తల్లి సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూటియిల్లు పెట్టిరి. ఆ కాలమున బ్రాహ్మణకుటుంబములలో పూటకూళ్లు నడపుట యెంత చిన్నతనముగా నెంచబడెడిదో పెద్దలకు తెలియును. పరీక్షకు కట్టవలసిన రుసుము లేక ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టిన సంగతి ప్రకాశముగారి చరిత్రములో అందరకు తెలిసిన ఘట్టము. ఇట్టి యింటిలోని పిల్లవాడు బుద్ధిమంతుడై దీపముముందర కూర్చుండి చదువుకొనెనని చెప్పినచో కథ అందముగా నుండును. అట్లు జరుగలేదు. తన బాల్యపు ఆకతాయితనమును, అల్లరి స్నేహములను ప్రకాశముగారే "నా జీవితయాత్ర"లో దాపరికము లేక వ్రాసికొనిరి. పెద్దవారైన పిదప బాల్యమునకు సున్నము వేయువారు లోకమున మెండు. ఆయన ఆ పని చేయలేదు. అందువలననే నాయుడుగారు చేసిన పని యెంతటిదో మనకు తెలియుచున్నది.

బాలునకు మంచి గొంతుక గలదు, రూపము గలదు, జంకు లేదు. నాయుడుగారికి నాటకములనిన ప్రాణము. బాలుడు వేషములు కట్టజొచ్చెను, స్త్రీపాత్రలను గూడ ధరించెను. ఇచ్చట మనము కొంచె మాగి యోచింపవలెను. అల్లరిపిల్లవానిని జూచిన పంతులు చేయగలపనులు సామాన్యముగా రెండు. బెత్తము పట్టుట ఒకటి, బడినుండి వెళ్లగొట్టుట రెండవది. నాయుడుగారు మూడవపని చేసిరి. ఏ గొంతుకతో వాడు వీథులలో కేకలు వేయుచుండెనో ఆ గొంతుకకే పని కల్పించిరి. రాత్రి రిహార్సలుకు రావలెనన్నచో సాయంకాలము వీథిలో నుండ వీలులేదు. పాఠము కంఠస్థము గావలెనన్నచో చదువక తీరదు. పైగా తాను గౌరవించు పెద్దమనిషి యెదుట నుండెను. పిల్లవాని యింట లేనిది అదియే.

మరియొక సంగతి. గురువు నాయుడు, శిష్యుడు బ్రాహ్మణుడు, పాఠశాల క్రైస్తవులది. 1880 తరువాతి ఆ దినములలో ఇట్టి కూడిక ఎంత యరుదో నేటివారు సులభముగా నూహింపజాలరు. పూర్వము గురుకులమున శిష్యుని కులగోత్రము లడిగి చేర్చుకొనెడివారు. నాటకసమాజమున గొంతుక యెంతవరకు పోవునని అడిగెదరు. నేను సంప్రదాయమున చదువుకొన్నవాడనే యైనను, ఈ విషయమున నాటకసమాజమే గొప్పపరీక్ష పెట్టినదని యొప్పుకొనక తప్పదు.

తరువాత నాయుడుగారు ఒంగోలు విడిచి రాజమహేంద్రవరము పోవ నిశ్చయించుకొనిరి. పోవుచు ప్రకాశమును తమ వెంట గొనిపోయిరి. ఒక ఉపాధ్యాయుడు ఊరు మారునప్పుడు పెట్టె, పరుపు, బిందెలు తీసికొనిపోవును. పరాయివారి బిడ్డను, వాని చదువుభారమును తీసికొనిపోయినవారిని ఎందరిని చూచితిమి? ఆ బిడ్డ తల్లి విధవ, ఒంగోలున వంటచేసి బ్రతుకుచున్నది. గోదావరి యొడ్డున నున్న ఊరికి కొడుకును పంపవలె. ఆనాటి ప్రయాణములు నేటివి గావు, కృష్ణకు గాని గోదావరికి గాని రైలువంతెనలు లేని కాలమది. సుబ్బమ్మగారు నాటకములు నేర్పు పంతులుగారిని నమ్మి కొడుకును విడిచిపెట్టిరి. ఈ కథలో గురువునకు చేయు నమస్కారములో సగము ఆ తల్లికిని చెందవలెను.

రాజమహేంద్రవరమున నాయుడుగారి సమాజమునకు నాటకములు కావలసివచ్చెను. సంస్కృతనాటకములకు తెనిగింపులు కొన్ని యుండెను గాని, రంగముమీద కుర్రవాండ్ర నోట నిలుచునట్టివి తక్కువ. అప్పుడా యూరిలో ఇరువదియొక్క యేండ్ల యువకుడొకడు గలడు. పేరు చిలకమర్తి లక్ష్మీనరసింహము. 1867లో ఖండవల్లిలో జన్మించెను. ఆయనయు బడిపంతులే. నాయుడుగారి సమాజముకొరకు ఆయన కీచకవధ వ్రాసెను. 1889 జూను 15వ తేదీన దానిని ఆడిరి. అది ఆయన మొదటి నాటకము. ఆవెంటనే ద్రౌపదీపరిణయము, శ్రీరామజననము, సీతాకల్యాణము, పారిజాతాపహరణము అని యొకదానివెంట నొకటి పుట్టినవి. ఆ వరుసలోనిదే గయోపాఖ్యానము.

చిలకమర్తివారికి చిన్ననాటనుండి రేచీకటి. పగటివెలుగున కొంత చూడగలిగినను ప్రొద్దు క్రుంకినచో కన్నులు పనిచేయవు. నాటకములో, రాత్రిపూట నాడబడునవి. తాను వ్రాసిన కీచకుడు, ద్రౌపది, కృష్ణుడు దీపముల వెలుగున నడయాడుచుండగా కవికి వారి మాటలు వినబడవలసినదే. ఆయన నాటకములలో మాటలు వినుటకు తేటగా, సాఫీగా, ఉచ్చరించువానికి ఊపిరి యాడునట్లుగా నుండుటకు ఈ కారణము కొంత తోడ్పడెనని నా యభిప్రాయము. చెవితో వ్రాసినవి చెవి కింపుగా నుండును. రేడియోలో మాటలాడు నావంటివారికి ఇది జ్ఞాపకముంచుకొనదగినది. ఉపాధ్యాయుడైన సమాజనాయకుడు, ఉపాధ్యాయుడైన కవి, విద్యార్థులైన నటులు: ఇట్టి సమాజము నుండి ప్రారంభమైన కవి తరువాత ఆంధ్రదేశమునకు గణపతిని, ప్రహసనములను, నవలలను ఇచ్చెను. ఒక చిన్న సమాజము "మాకొక నాటకము కావలె"నని అడిగినందున ఇంత జరిగినది.

గయోపాఖ్యానము సంగతి చెప్పక విడుచుటకు లేదు. కథ మీ రెరిగినదే. గయుడను గంధర్వుని యుమ్మి కృష్ణుని దోసిట బడినది. కృష్ణుడు వానిని చంపుదునని ప్రతిన చేసెను. సంగతి తెలియని అర్జునుడు గయునకు శరణిచ్చెను. ఇక బావమరదులిద్దరు పోరవలసివచ్చినది. తప్పు చిన్నది, మాట పెద్దది, వెనుకకు దీసికొన వీలుగానిది. ఈ నాటకము ఆంధ్రదేశమున ఆడని యూరు లేదనదగినంతగా వ్యాపించెను. గ్రంథము లక్షప్రతులు చెల్లినదని ప్రసిద్ధి. అన్నదమ్ముల పోరుతో అలమటించిన పలనాటిసీమలో ఇది జనులకు బాగుగా నచ్చుటలో వింత లేదు. ప్రకాశము ఆ దినములలో ఈ నాటకమున వేషము ధరించినవారిలో నొకడు.

ఇప్పుడు నాటకము నేర్పునది యేమి, పాఠ్యపుస్తకము నేర్పనిది యేమి యని యడుగవచ్చును. ఆ కాలమున ధ్వనివర్ధకములు లేవు. తాటాకుపందిరి, కిరసనాయిలుదీపములు, ముందు కుర్చీలు, వెనుక చాపలు, ఆ వెనుక నిలుచున్న జనము. చంటిబిడ్డ లేడ్చుచుందురు. వేయించిన సెనగలమ్మువాడు తిరుగుచుండును. కడపటి వరుసలో నిలుచున్నవానికి మాట అందవలెను, అందుటకు అరచినచో రసము చెడును. అక్షరము విడదీసి, ఊపిరి బొడ్డునుండి తీసి, వాక్యము చివర మాట మ్రింగక పలుకవలెను. మన విద్యార్థులలో నూటికి తొంబదిమంది వాక్యము చివరిమాటను మ్రింగుదురు. నేనెన్ని యేండ్లు చెప్పినను మాననివారు, ఒక్క నెల రిహార్సలులో మానిరి. తరువాత, ఎదుటివాడు మాటలాడునప్పుడు వినుట. తన సంభాషణము వచ్చుదాక ఊరక నిలుచుట ఎంత కష్టమో రంగము నెక్కినవానికే తెలియును. తెరచాటున ప్రాంప్టరు అందించుచుండును గాని, వానిని నమ్ముకొన్నవాడు మునుగును. మాట తప్పినచో ప్రేక్షకులు ఈల వేయుదురు, పద్యము కుదిరినచో "వన్స్‌మోర్" అందురు. ఈ రెంటికిని చలింపకుండుట ఇంకొక చదువు.

ఆడువేషమును గూర్చి ఒక్కమాట. కుర్రవానికి చీరకట్టుట హాస్యాస్పదమని కొందరందురు. మన బాపట్ల బిడ్డ స్థానము నరసింహారావుగారు (1902–1971) సత్యభామగా నిలిచినప్పుడు నవ్వినవా రెవరు? స్త్రీలు రంగమునకు రాకూడని కాలపు ఏర్పాటది, పోయినందుకు నాకు విచారము లేదు. అయినను, పదునారేండ్ల పిల్లవాడు ద్రౌపది మాటలను తనవిగా పలుకవలసి వచ్చినప్పుడు, సభలో నవమాన మనుభవించుట యెట్లుండునో ఒక్క రాత్రియైన తెలిసికొనును. పూటకూటియింటి బిడ్డకు ఆ పాఠము కొంత ముందే తెలిసియుండును.

పండితులలో అప్పుడే యింకొక వివాదము తలయెత్తినది, పాత్రలు ఏ భాష మాటలాడవలెనని. మదరాసు క్రైస్తవకళాశాలలో సంస్కృతపండితులైన వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ప్రతాపరుద్రీయము వ్రాసి అందు చాకలి పేరిగానిచేత చాకలిమాటలే పలికించిరి. శాస్త్రులవారును నెల్లూరున 1899లో ఆంధ్రభాషాభిమానిసమాజమును నెలకొల్పి నాటకములాడించినవారే. గ్రాంథికమునకు పెట్టినకోట వంటి పండితుడు రంగముమీద పాత్రోచితభాషకు ద్వారము తెరచుట నాకెప్పుడును ఆశ్చర్యముగొల్పును. వ్యాకరణము చదివిన నాకు ఆ మార్పులన్నియు రుచింపవు గాని, పేరిగాడు గ్రాంథికము పలికినచో నేనును పందిరి విడిచి పోవుదును.

మరల నాయుడుగారియొద్దకు వత్తము. నాటకముల పేరు చెప్పి పిల్లవానిని సమాజముననే కట్టివేయుట ఆయనకు సులభము. మంచి వేషధారి దొరకుట దుర్లభము, దొరికినవానిని విడుచుట అంతకంటె దుర్లభము. ఎన్నియో సమాజములు తమ చేతికందిన కుర్రవాని గొంతుక మారువరకు వాడుకొని, తరువాత వాని గతి వానికి విడిచినవి. తండ్రుల భయమునకు మూలమిదియే గాని, మొగమునకు పూసిన రంగు గాదు. నాయుడుగారు ప్రకాశమును రాజమహేంద్రవరమున ఎఫ్.ఏ. చదివించిరి. న్యాయవాది కావలెనని బాలునకు చిన్ననాటినుండి కోరిక. అది తీర్చుటకు మదరాసు పంపి న్యాయశాస్త్రము చదివించిరి. బడిపంతులు జీతము ఎంతటిదో నాకు చెప్పనక్కరలేదు. దానితో సమాజమునకు తెరలు కుట్టింపవలె, దీపములకు నూనె పోయవలె, ఇల్లు నడపవలె. అందులోనే శిష్యుని చదువు. తన సమాజమునకు నటుడు తగ్గునని తెలిసియు మదరాసు బండి యెక్కించిన గురువును జూచినప్పుడు, నాటకము ఆయనకు సాధనమో సాధ్యమో తేటపడును.

సంస్కృతనాటకములలో సూత్రధారుడు ప్రస్తావన ముగించి లోనికి పోవును, మరల కనబడడు. నాయుడుగారును అట్లే శిష్యుని స్వీయచరిత్రములో తొలిభాగమున మాత్రమే నిండుగా కనబడుదురు. ఆ భాగమును మన పాఠశాలల ఉపాధ్యాయులు చదువవలెనని నా మనవి. మదరాసులో బహిష్కరణనాడు సైమను కమీషనును ధిక్కరించి 1928లో తుపాకులకు రొమ్ముచూపిన ఘట్టము అందరు చదువుదురు. రొమ్ము విప్పి ముందుకు నడచునప్పుడు వేలమంది చూచుచుండగా కాలు తడబడకుండుట ఎక్కడ అలవాటైనదో తెలియవలెనన్నచో రాజమహేంద్రవరపు పందిరికి పోవలెను.

ప్రకాశముగారు న్యాయవాదియై అదే రాజమహేంద్రవరమున పురపాలకసంఘాధ్యక్షులైరి. ఇంగ్లండు పోయి బారిష్టరై వచ్చిరి. 1921లో స్వరాజ్య పత్రికను స్థాపించి ఆర్జించినదంతయు దేశమునకు ధారపోసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైరి. 1957 మే 20న పరమపదించిరి. ఒంగోలు కేంద్రముగా 1970లో ఏర్పడిన జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టిరి.

ఆంధ్రరాష్ట్రమునకు ముందు, 1946 ఏప్రిలు 30న, ఆయన మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి. ఆనాటికి చిలకమర్తివారు చూపు పూర్తిగా కోల్పోయి, ఏడుపదులు దాటియుండిరి. నాయుడుగారి సమాజమునకు మాటలు కూర్చిన కవి, ఆ మాటలు పలికిన కుర్రవాడు రాష్ట్రమునేలుచుండగా, ఏడువారములకు, జూను 17న కన్నుమూసెను.